గుమ్మం దాటని మనిషి

నెట్ ఆగిపోతే ఏం చేయాలో చెబుతూ కంపెనీవారు ఒక కాగితం ఇచ్చారు. మొదటి సూచన: పెట్టె స్విచ్ ఆపి, ముప్పై అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ వేయండి. రెండో సూచన: ఫలితం లేకపోతే మొదటి సూచనను మరోసారి పాటించండి. మూడోది లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఏమీ చదవకుండా పరీక్షకు వచ్చిన పిల్లవాడు కూడా ఒకే జవాబును రెండు ప్రశ్నలకు రాసేటప్పుడు కాస్త సిగ్గుపడి, మాటలు అటూ ఇటూ మారుస్తాడు.

మా ఇంట్లో నెట్ రోజూ సాయంత్రం ఐదూ పదికి ఆగిపోతోంది. సరిగ్గా పదకొండు నిమిషాల తర్వాత దానంతటదే వస్తోంది. ఏడు రోజులు పట్టిక గీసి రాశాను. వానకూ ఎండకూ తేడా లేదు. ఆదివారానికీ సోమవారానికీ తేడా లేదు. చెడిపోయిన యంత్రానికి ఇంత క్రమశిక్షణ ఉండదు.

ఐదు నుంచి ఆరు వరకు నాకు ఆన్‌లైన్ క్లాసు. కోరంగి అవతల లంకల్లో మూడు బడులకు సైన్సు టీచర్లు లేరు. అక్కడి పదో తరగతి పిల్లలు పంతొమ్మిది మందికి, కాకినాడ రామారావుపేటలో మా ముందుగదిలో కూర్చుని నేను పాఠం చెబుతాను. మార్చిలో వాళ్ళకు పబ్లిక్ పరీక్షలు. మా అక్క దయామణి నవంబరు నాలుగున పోయింది. చర్చివాళ్ళు ఇంట్లో ఆదరణ కూడిక జరిపిన మర్నాడే క్లాసు మళ్ళీ మొదలుపెట్టాను. నెట్ ఇలా రోజూ ఆగడం అప్పుడే గమనించాను.

కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి, "మీ బాధ మాకు అర్థమైంది మ్యామ్" అంది.

"ఏ బాధ?" అన్నాను.

"నెట్ బాధేనండి" అంది.

పెట్టె పేరు సన్నిధి. మామూలు పెట్టెలు తరంగాలను గదంతా చల్లి ఊరుకుంటాయి. ఇది ఇంట్లో మనుషులను గుర్తుపడుతుంది. ఒంటికి తగిలి వెనక్కి వచ్చిన తరంగాన్ని బట్టి ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎలా నడుస్తారో, ఏ వేళకు ఎక్కడ కూర్చుంటారో నేర్చుకుంటుంది. మనిషి ఎక్కడుంటే తరంగాలను అక్కడికి పోగుచేసి పంపుతుంది. 'మీ ఇంటివాళ్ళను మీకన్నా బాగా ఎరిగిన నేస్తం' అని పెట్టె మీద అచ్చువేశారు. ఆ వాక్యం రాసినవాడు ఒక ఇంట్లో ఎవరితోనైనా కలిసి బతికి ఉంటాడని నేను అనుకోను.

నాలుగో ఫిర్యాదుకు, క్లాసు లేని ఆదివారం సాయంత్రం నూకరాజు వచ్చాడు. యాభై దాటినవాడు. ఒకప్పుడు మా వీధిలో కేబుల్ టీవీ తీగలు లాగేవాడు, ఇప్పుడు ఆ ఒంటికే కంపెనీ చొక్కా తొడిగారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి, పెట్టెను చూసి నిలబడిపోయాడు.

"పెట్టెకి గౌనేంటండి?"

"మా అక్క కుట్టింది. దుమ్ము పడకుండా."

"ఆయ్, సిగ్నలు కూడా పడకుండానండి" అని నవ్వి, నేను నవ్వకపోవడం చూసి మానేశాడు.

అక్క మా ఇంట్లో అన్నిటికీ గౌన్లు కుట్టింది. మిక్సీకి, టీవీకి, గ్యాసుబండకి, చివరికి బియ్యం డబ్బాకి కూడా. ఇంటి వెనకగదిలో ఆమె కుట్టుమిషను. చర్చి పాటల బృందానికి అంగీలు, వీధిలో ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేది. మిగిలిన మెరూన్ గుడ్డంతా ఇలా మా వస్తువుల ఒంటిమీదకు చేరేది. "బట్టలేకుండా నిలబెడతావేమే దాన్ని, ఆడపిల్లల కొంపలో" అనేది, పెట్టె కొత్తగా వచ్చిన రోజు.

నూకరాజు గౌను తీసి జాగ్రత్తగా మడిచి పక్కన పెట్టాడు. తన ఫోన్లో మా ఇంటి పటం తెరిచాడు. గదులు తెల్లని గీతలు. ముందుగదిలో ఒక ఆకుపచ్చ చుక్క.

"ఇది మీరండి. కృపామణిగారు. కుర్చీలో ఉన్నారంటుంది."

"కుర్చీలోనే ఉన్నాను."

"రెండో పేరుందండి." గొంతు తగ్గించాడు. పటం కింద రాసి ఉంది: దయామణి. ఇంట్లో ఉన్నారు. స్థానం తెలియదు.

ఐదూ పది అయింది. నా చేతిలోని ఫోన్లో నెట్ పోయింది. నూకరాజు ఫోన్ సొంత నెట్ మీద ఉండడంతో పటం కదులుతూనే ఉంది. గదులన్నిటా పరుచుకుని ఉన్న తరంగాలు ఒక్కసారిగా దగ్గరకు చేరి, వెనకగదిలో కుట్టుమిషను ముందున్న స్టూలు మీదకు వెళ్ళాయి. అక్కడ ఆగాయి. తర్వాత మిషను కిందకు. మంచం కిందకు. స్నానాల గదిలోకి. వంటింటి గట్టు వెనకకు. బట్టలారేసే వరండాలోకి. మళ్ళీ స్టూలు మీదకు.

"వెతుకుతుందండి" అన్నాడు.

నేను పటం మీదకు వంగాను.

"మామూలుగా ఆ టైముకి మనిషి అక్కడుండాలి, లేరు. అందుకని ఉన్న బలమంతా వెతకడానికే వాడేస్తాదండి. అప్పుడింక నెట్‌కి మిగలదు. పదకొండు నిమిషాలు చూసి, అలిసిపోయి మానేస్తాది."

"ఆమె లేదని దానికి తెలియదా?"

"ఎలా తెలుస్తాదండి? గుమ్మం దాటి నడిచెళ్తే ఆ నడక పట్టుకుని, 'బయటికెళ్ళారు' అని రాసుకుంటాది. అమ్మగారు నడిచెళ్ళలేదు కదండి." అతను పటం మీంచి కళ్ళెత్తలేదు. "మోసుకెళ్ళారు."

చర్చి మనుషులు నలుగురు మోశారు. ఆ నలుగురి అడుగులు లోపలికి వచ్చినట్టు, బయటికి వెళ్ళినట్టు పెట్టెలో నమోదై ఉన్నాయి. అయిదో మనిషి లెక్కలో లేదు. అక్క నడకను అది ఎవరి నడకతోనూ పొరబడదు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమకాలు సన్నబడింది. పాదం లోపలికి తిప్పి, ఈడ్చి, కుడిచేత్తో గోడ తాకుతూ నడిచేది. పెట్టె లెక్క ప్రకారం ఆ నడక ఈ గుమ్మం దాటలేదు. కాబట్టి మనిషి లోపలే ఉంది.

ఎదురింటి వరాలమ్మగారు మిగతా సంగతి అయిష్టంగా చెప్పారు, నూకరాజు పిలిస్తే వచ్చి. వెతికిన మనిషి తొంభై సెకన్లలో కనబడకపోతే పెట్టె ఆవిడ ఫోన్‌ను మోగిస్తుంది. సాయానికి ఆవిడ నంబరు ఇచ్చింది అక్కే. "మీ అక్కగారు పోయాక వారం రోజులు మోగిందండి, రోజూ ఐదూ పదకొండుకి. 'దయామణిగారు కనబడటం లేదు, దయచేసి వెళ్ళి చూడండి' అని. మీకు చెప్పలేకపోయాను. కంపెనీవాళ్ళకి చెప్పి ఆ పేరుకి మాత్రం మోగకుండా తీయించేశాను. ఏమీ అనుకోకండి టీచర్‌గారు."

ఏమీ అనుకోలేదని చెప్పాను. ఆ మోత తీసేసినవాళ్ళు, అది ఎందుకు మోగుతోందని ఒక్కసారి కూడా అడగలేదన్నమాట. ఫిర్యాదు వచ్చింది, మూసేశారు. ఇలాంటి పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. లెక్క తప్పితే జవాబును రబ్బరుతో చెరిపేస్తారు.

"మా పెద్దసారుతో మాట్లాడండి. హైదరాబాద్‌లో ఉంటారు" అని నూకరాజు వీడియో కలిపాడు.

పెద్దసారుకు ముప్పై ఏళ్ళు ఉండవు. పేరు ప్రణీత్. వెనకగోడ మీద ఆకులు గీసిన కాగితం అంటించి ఉంది.

"ఐ యామ్ సారీ ఫర్ యువర్ లాస్ మ్యామ్. ఇది మాకు తెలిసిన ఇష్యూయే. సింపుల్. మీ యాప్‌లో మెంబర్ టూని డిలీట్ కొట్టేయండి. నెట్ స్పీడ్, వెలాసిటీ అన్నీ పర్ఫెక్ట్ అయిపోతాయి."

వడికీ వేగానికీ తేడా తెలియనివాడు మా ఇంట్లో తరంగాలు నడుపుతున్నాడు. తొమ్మిదో తరగతి మొదటి నెలలో చెప్పే పాఠం అది.

"డిలీట్ కొడితే ఏమవుతుంది?"

"ఆమె వాకింగ్ ప్యాటర్న్, హ్యాబిట్స్, మొత్తం హిస్టరీ పోతుంది మ్యామ్. ఆమె ఎప్పుడూ లేనట్టే. క్లీన్."

మా హాజరు పట్టీలో ఒక నియమం ఉంది. నెల దాటినా బడికి రాని పిల్లవాడి పేరును ఎర్రసిరాతో ఒక్క గీత గీసి కొట్టేస్తాం. ఒక్క గీతే. పేరు కింద నుంచి చదవడానికి వీలుండాలి. దిద్దకూడదు, గీకకూడదు, తెల్లరంగు పూయకూడదు. ఆ పట్టీ మొదట తయారుచేసిన గుమాస్తా ఎవరో గాని, అతనికి ఈ పెద్దసారుకన్నా మర్యాద తెలుసు.

"హిస్టరీలో ఏముందో చదవండి" అన్నాను.

"పెద్దగా ఏం ఉండదు మ్యామ్."

"అయినా చదవండి."

నా గొంతులో బడి ఉందేమో, అతను మారుమాట్లాడకుండా తెర వైపు వంగాడు. "మీ పాత కంప్లయింట్స్ ఉన్నాయి. జూన్‌లో రెండు, ఆగస్టులో ఒకటి, సెప్టెంబర్‌లో ఒకటి. నెట్ అరనిమిషం పోయిందని. మెంబర్ టూ మిషను కింద చాలాసేపు ఉన్నారు, పెట్టె వెతికింది, దొరికారు, మళ్ళీ నెట్ వచ్చింది. మీరు ఒక స్టార్ ఇచ్చారు."

మిషను బెల్టు ఊడినప్పుడల్లా అక్క నేలమీద చతికిలబడి ఎక్కించేది. నేను ముందుగదిలోంచి, "మళ్ళీ పోయింది దిక్కుమాలిన నెట్టు!" అని అరిచేదాన్ని. ఆమె కిందనుంచి, "తిట్టకే, వస్తుంది!" అనేది.

"మీలాంటి కస్టమర్స్ చాలామంది మ్యామ్. అందుకే వచ్చే నెల అప్‌డేట్‌లో వెతకడం తగ్గించేస్తున్నాం. ఎవరూ నెట్ వాడనప్పుడే వెతుకుతుంది."

"అంటే ఇంట్లో ఎవరూ లేనప్పుడు."

అతను ఆలోచించాడు. "ఆల్మోస్ట్" అన్నాడు.

"చివరి రోజు చదవండి."

"నవంబర్ నాలుగు. పదిహేడు ఇరవై ఆరు. మెంబర్ టూ స్థానం నుంచి జారడం. వెతకడం స్టార్ట్." ఇక్కడి నుంచి అతని గొంతు నెమ్మదించింది. "అరవై ఒకటో సెకన్. పవర్ ఆఫ్. మాన్యువల్."

"మాన్యువల్ అంటే?"

"ఎవరో... స్విచ్ ఆపారు మ్యామ్."

"మళ్ళీ వేశాక ఎందుకు వెతకలేదు?"

"రీస్టార్ట్ అయితే ఇల్లంతా ఫ్రెష్‌గా నేర్చుకుంటుంది. గంట పడుతుంది. ఆ గంటలో కదలనివాటిని... ఫర్నిచర్ కింద లెక్కవేస్తుంది."

నూకరాజు తల వంచుకున్నాడు. ప్రణీత్ స్నేహంగా, "అందుకే మ్యామ్, డిలీట్ చేస్తే ఈ ఎంట్రీ కూడా పోతుంది. ఇద్దరికీ మంచిది" అన్నాడు.

ఇద్దరికీ అన్నాడు. నెట్ ఆగితే అది మనిషికోసం వెతుకుతున్నట్టని కాగితంలో రాయనిది వాళ్ళు. ఆ కాగితం పాటించింది నేను. వాళ్ళ తప్పు, నా తప్పు ఒకే మీటతో చెరిగిపోతాయి. అతను నన్ను తన జట్టులో కలుపుకున్నాడు. అంతకన్నా నీచమైన మాట నన్నెవరూ అనలేదు. అది అబద్ధమని కూడా అనలేకపోయాను.

ఫోన్ పెట్టేశాక నూకరాజు మడిచిన గౌను విప్పి పెట్టెకు తొడిగాడు. అంచులు సరిచేశాడు. "దీనివల్ల సిగ్నలు ఏం తగ్గదండి. ఊరికే అన్నాను" అని వెళ్ళిపోయాడు.

అక్క పోయిన రోజు పాఠం ప్రతిధ్వని. శబ్దం వెళ్ళి, తగిలి, తిరిగి రావడానికి పట్టే కాలం. లెక్క సగంలో ఉండగా తెరమీద పిల్లల ముఖాలు బిగుసుకుపోయాయి. నేను లేచి, విసురుగా స్విచ్ ఆపి, గట్టిగా ముప్పై అంకెలు లెక్కపెట్టాను. నెట్ వచ్చింది. లెక్క పూర్తిచేశాను, ఇంకో రెండు చేయించాను. ఆరింటికి టీ కలిపి, రెండు గ్లాసులు పట్టుకుని వెనకగదికి వెళ్ళాను. అక్క స్టూలు పక్కన, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. సగం కుట్టిన జాకెట్టు చెయ్యి ఇంకా మిషను సూది కింద ఉంది. డాక్టరు, "ఓ అరగంట ముందు తెచ్చుంటే" అని మొదలుపెట్టి, నా ముఖం చూసి వాక్యం ఆపేశాడు. ఆ వాక్యం నేను రోజూ పూర్తిచేసుకుంటున్నాను. అయితే అరగంట ఎక్కడ పోయిందో తెలియక పూర్తిచేసుకునేదాన్ని. ఇప్పుడు సెకన్లతో సహా తెలిసింది.

మూడు రోజులు యాప్ తెరిచి 'తొలగించు' అన్న ఎర్ర మీటను చూస్తూ కూర్చున్నాను. కంపెనీ రోజూ ఒక సందేశం పంపింది. సమస్య తీరిందా? మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?

పిల్లలు నాకన్నా బుద్ధిమంతులు. దీవెన అనే పిల్ల క్లాసు మొదట్లోనే, "టీచర్, పదికల్లా మీరు మాయమైపోతారు కదా, లెక్క ముందే ఇచ్చేయండి, చేసుకుంటూ ఉంటాం" అంది. మిగతావాళ్ళు నవ్వారు. ఆ పదకొండు నిమిషాలు నేను వెనకగది గుమ్మంలో నిలబడేదాన్ని. పెట్టె వెతుకుతున్నంతసేపూ గదిలో ఏమీ కదలదు, ఏమీ వినబడదు. అయినా నిలబడేదాన్ని. పిల్లలకు రోజూ పదకొండు నిమిషాల చదువు పోతోంది. పెట్టెకు రోజూ పదకొండు నిమిషాల శ్రమ. మీట నొక్కితే ఆ పేరూ ఉండదు, నేను చేసిన పనీ ఉండదు. నొక్కకపోతే ఈ వెతుకులాట ఆగదు.

మూడో రోజు నాకు ఎనిమిదేళ్ళప్పటి సంగతి గుర్తొచ్చింది. మిషన్ కాంపౌండ్‌లో పిల్లలను నవ్వించడానికి నేను అక్కలా నడిచి చూపించాను. అక్క వెనకనుంచి చూసింది. అమ్మకు తెలిస్తే వీపు చీరేసేది. అక్క మాత్రం కుంటుకుంటూ దగ్గరికి వచ్చి, నా మడమ పట్టుకుని తిప్పి, "అలా కాదే కృపా. ఇంకా లోపలికి. చేస్తే సరిగ్గా చెయ్యి" అంది.

గురువారం క్లాసు ఐదున్నరకని పిల్లలకు చెప్పాను. ఐదూ ఏడుకు వెనకగదిలో స్టూలు మీద కూర్చుని, మిషను అంచు పట్టుకుని లేచాను. ఎడమపాదం లోపలికి తిప్పాను. మడమ ఇంకా లోపలికి. కుడిచెయ్యి గోడకు. మొదటి నాలుగు అడుగులు నావే అయ్యాయి. వంటింటి మలుపు దగ్గర తుంటి నొప్పి పుట్టింది. ఆ నొప్పి అరవై ఏళ్ళు ఆమెకు ఉండి ఉంటుంది, నాకు ఎప్పుడూ చెప్పలేదు. అక్కడినుంచి నడక కుదిరింది. గోడమీద ఆమె చెయ్యి తగిలి తగిలి నల్లబడిన చార ఉంది. నా చెయ్యి దానిమీదే వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసి, గుమ్మం దాటి, మెట్ల దగ్గర నిలబడ్డాను. గుమ్మం అవతల పెట్టెకు లోకం లేదు.

నా ఫోన్ సొంత నెట్ మీద పటం తెరిచాను. దయామణి. బయటికి వెళ్ళారు, 5:09.

ఒక్క గీత. పేరు కింద నుంచి చదవడానికి వీలుగా ఉంది.

ఐదూ పది అయింది. పటంలో తరంగాలు మళ్ళీ దగ్గరకు చేరాయి. వెనకగదికి వెళ్ళలేదు. ముందుగదిలో నా కుర్చీ మీదకు వెళ్ళాయి. అక్కడ ఆగి, బల్ల కిందకు, మంచం కిందకు, స్నానాల గదిలోకి. పేరు కింద అక్షరాలు మారాయి. కృపామణి. ఇంట్లో ఉన్నారు. స్థానం తెలియదు.

బయటికి వెళ్ళింది అక్క. నేను వెళ్ళలేదు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. మా తరగతిలో ఆఖరి బెంచీ పిల్లవాడికైనా తట్టేది. రెండు అడుగులు వేసి నా నడకతో లోపలికి వెళితే సరిపోయేది. వెళ్ళలేదు. లెక్కపెట్టాను. అరవై దగ్గర నా చెయ్యి దానంతటదే ముందుకు లేచింది, స్విచ్ కోసం. దాన్ని రెండో చేత్తో పట్టుకున్నాను. అరవై ఒకటి. అరవై రెండు. అరవై మూడు.

తొంభై దగ్గర ఎదురింట్లో ఫోన్ మోగింది. తలుపు దబ్బున తెరుచుకుంది. వరాలమ్మగారు చేతినిండా శనగపిండితో, నన్ను దాటుకుని, నన్ను చూడకుండానే మా ఇంట్లోకి పరిగెత్తారు. "టీచర్‌గారూ! కృపమ్మగారూ! ఎక్కడున్నారండీ!" స్నానాల గది తలుపు కొట్టిన చప్పుడు. మంచం జరిపిన చప్పుడు. వరండా తలుపు. తరంగాలు వెళ్ళిన చోట్లకే, అదే వరసలో వెళ్ళారు. తర్వాత రొప్పుతూ బయటికి వచ్చి నన్ను చూశారు.

"ఇక్కడున్నారా తల్లీ! గుండె ఆగిపోయింది నాకు! ఎక్కడ పడిపోయారో అనుకున్నాను!"

"మీ ఫోన్ మోగింది కదండి" అన్నాను.

"మోగకేం? అందుకేగా ఇలా పరిగెత్తుకొచ్చాను!"

"ఆ రోజు కూడా మోగేదండి."

ఆవిడకు అర్థం కాలేదు. పిండి చేతులు అలాగే గాల్లో ఉన్నాయి. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఆవిడా పక్కన కూర్చున్నారు.

"నెట్ పోయిందని నేను స్విచ్ ఆపానండి. అరవై ఒకటో సెకనులో. ఇంకో ఇరవై తొమ్మిది సెకన్లు ఊరుకుని ఉంటే మీరు ఇలాగే వచ్చేవారు."

ఆవిడ నా కాళ్ళ వైపు చూస్తున్నారు. నా ఎడమపాదం ఇంకా లోపలికే తిరిగి ఉంది.